అనంతపురం వేడిలో చాక్లెట్ బార్క్: ఏడు క్రిస్మస్‌లు చేశాక

2018 డిసెంబరులో మా ఆడబిడ్డ బెంగళూరు నుంచి పండక్కి వస్తూ అర కేజీ డార్క్ కాంపౌండ్ స్లాబ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసిన చాక్లెట్ దిమ్మ) ఒకటి, చాక్లెట్ పరవడానికి అంటుకోని సిలికాన్ షీట్ ఒకటి తెచ్చింది. అప్పటిదాకా మా ఇంట్లో క్రిస్మస్ అంటే కర్జికాయలు, నిప్పట్లు, అత్తిరసాలు, బేకరీ కేకు. ఆ రాత్రి చర్చికి బయలుదేరే ముందు అరగంటలో ఆమె చాక్లెట్ బార్క్ చేసి చూపించింది. ఆ తర్వాత ఏ ఏడాదీ మానలేదు. 2024 దాకా ఏడు పండగలు, మధ్యలో పిల్లల పుట్టినరోజులు, పక్కింటి వాళ్లకు రంజాన్ కానుకలు అన్నీ లెక్క వేసుకుంటే ముప్పైసార్లకు పైనే చేసి ఉంటాను. అన్నిసార్లు చేశాక తెలిసినది రాస్తున్నాను.

తెలియని వాళ్లకోసం చెప్తాను. బార్క్ అంటే చెట్టు బెరడు. చాక్లెట్ కరిగించి, పళ్లెంలో పలచగా పరిచి, పైన పప్పులు, ఎండు పండ్లు చల్లి, గట్టిపడ్డాక చేత్తో విరవడమే. ముక్కలు బెరడులాగా ఎగుడుదిగుడుగా వస్తాయి. అచ్చులు అక్కర్లేదు, ఓవెన్ అక్కర్లేదు. పాకం చూసే టెన్షన్ లేదు. అత్తిరసాల పాకం ఒక్క క్షణం ముదిరితే పోయినట్టే, ఇందులో ఆ భయం ఉండదు. పదేళ్ల పిల్లలు కూడా పెద్దవాళ్లు పక్కనుంటే చేసేస్తారు.

చేయడం సులువే. మన ఊళ్లో అసలు ప్రశ్న వేడి.

ఒరిజినల్ చాక్లెట్‌లో ఉండే కొవ్వు కోకో బటర్. అది 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంటే మన ఒంటి వేడికి కాస్త తక్కువ. నోట్లో పెట్టగానే కరిగిపోయే ఆ సుఖం దానివల్లే. కాంపౌండ్‌లో కోకో బటర్ తీసేసి దాని బదులు వేరే వంట కొవ్వు వేస్తారు, ఎక్కువగా పామ్ గింజల నూనె నుంచి తీసినది. అది వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. కరిగించి ఊరికే చల్లార్చినా మెరుస్తూ గట్టిపడుతుంది. ఒరిజినల్ చాక్లెట్ అలా కాదు. కరిగించాక లెక్క ప్రకారం చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడి చేయాలి. దీన్నే టెంపరింగ్ అంటారు. అది తప్పితే మరునాటికి పైన బూడిదలాంటి తెల్లచారలు వస్తాయి. తినడానికి ప్రమాదమేమీ లేదు, కానీ పండగ పళ్లెంలో పెట్టలేం.

మొదటి రెండేళ్లు కాంపౌండ్‌తోనే చేశాను. గిన్నెలో నీళ్లు సన్నగా కాగుతుండగా పైన ఇంకో గిన్నె పెట్టి, ముక్కలు వేసి కలుపుతూ ఉంటే ఆరేడు నిమిషాల్లో కరుగుతుంది. పై గిన్నె అడుగు నీళ్లకు తగలకూడదు. మైక్రోవేవ్ ఉంటే 30 సెకన్లకోసారి తీసి కలపాలి. ఒక్కసారిగా రెండు నిమిషాలు పెడితే నడుమ మాడుతుంది, పైకి మాత్రం ముక్కల ఆకారం అలాగే ఉండి ఏమీ తెలియదు. అర కేజీ స్లాబ్‌కు పైన చల్లేవి నూటయాభై గ్రాములు సరిపోతాయి. మందం అర సెంటీమీటరు ఉంటే విరిచినప్పుడు బాగుంటుంది. ఫ్రిజ్‌లో పదిహేను నిమిషాలు చాలు.

ఈ స్లాబ్ మీద నా ఫిర్యాదు రుచి గురించే. తిన్నాక నాలుక మీద, అంగిట్లో సన్నని మైనం పొర అంటుకున్నట్టు ఉంటుంది. పిల్లలకు పట్టదు గానీ పెద్దవాళ్లకు తెలిసిపోతుంది. ఇంకొకటి, డార్క్ అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా నేను కొన్న ప్రతి స్లాబ్ మీదా పదార్థాల వరుసలో మొదటిది చక్కెరే, రెండోది వంట కొవ్వు. మా అత్తమ్మకు షుగరు ఉంది. డార్క్ కదా పర్వాలేదని ఆమెకు ఇచ్చాను, ఆ తర్వాత ఒకరోజు కవర్ వెనక చదివి చాలా బాధపడ్డాను. డార్క్ అనే మాట చూసి షుగరు ఉన్నవాళ్లకు పెట్టకండి. వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవండి.

అందుకే 2020లో ఒరిజినల్ చాక్లెట్ తెప్పించాను, దాంతోపాటు వంటకు వాడే డిజిటల్ థర్మామీటర్. మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టడమే నేను చేసిన తప్పు. డిసెంబరైనా మా వంటింట్లో ఆ వేళకు 30 డిగ్రీలు ఉంది. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 28కి దించి, మళ్లీ 31, 32కి తేవాలి. గది వేడే 30 ఉంటే 28కి ఎలా దిగుతుంది? ఎంతసేపు కలిపినా దిగలేదు. విసుగొచ్చి ఫ్రిజ్‌లో పెట్టేశాను. మర్నాడు చూస్తే అంతా చారలు.

వారం తర్వాత తెల్లవారుజామున ఐదింటికి లేచి చేశాను. మన అనంతపురంలో డిసెంబరు తెల్లవారుజాము 20 డిగ్రీల లోపే ఉంటుంది, గాలి కూడా పొడిగా ఉంటుంది. ఈసారి పద్ధతి కూడా మార్చాను. చాక్లెట్‌ను మూడు భాగాలు చేసి, రెండు భాగాలు కరిగించి, పొయ్యి మీంచి దించి, మూడో భాగాన్ని సన్నగా తరిగి అందులో వేసి కలుపుతూ పోయాను. తరుగు కరుగుతూ వేడిని తనే లాగేసుకుంటుంది. 32 దగ్గరికి రాగానే చాకు కొన ముంచి పక్కన పెట్టాను. ఐదు నిమిషాల్లో చాకు మీద చాక్లెట్ మెరుస్తూ గట్టిపడింది. పళ్లెంలో పరిచి, ఫ్రిజ్ జోలికి పోకుండా కిటికీ పక్కన పెట్టాను. ఎనిమిదింటికి విరిస్తే టక్కుమని చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఆ సంతోషంతోనే డబ్బా నింపి, కడపలో ఉన్న మా అన్న వాళ్లింటికి బస్సులో వెళ్తున్న బంధువుల చేతికి ఇచ్చాను. తాడిపత్రి మీదుగా దాదాపు నాలుగు గంటల ప్రయాణం. సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "పాపా, రుచి మాత్రం చెప్పలేనంత బాగుంది. కానీ డబ్బాలో అంతా ఒకటే ముద్దయింది, స్పూన్‌తో తీసి పిల్లలకు పెట్టినాను" అంది. కిటికీ పక్కన ఎండ తగిలే సీట్లో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారట. పాపం వాళ్ల తప్పేముంది, నేనే చెప్పలేదు.

మరుసటి ఏడాది రెంటినీ కలిపితే రుచీ దక్కుతుంది, వేడికీ ఆగుతుంది అనుకుని సగం కాంపౌండ్, సగం ఒరిజినల్ కలిపి చేశాను. దయచేసి ఈ పని ఎవరూ చేయకండి. పామ్ గింజల కొవ్వుకు, కోకో బటర్‌కు పడదు. రెండూ కలిస్తే విడివిడిగా కంటే త్వరగా మెత్తబడతాయి. నాది చేతిలో పట్టుకుంటేనే కరగడం మొదలైంది, వారం లోపే తెల్లబడింది. ఒక కేజీ సరుకు, దానికి పెట్టిన డబ్బు, రెండూ దండగ.

అప్పటి నుంచి పద్ధతి ఖాయం చేసుకున్నాను. ఊరు దాటి పోయేదానికి, పిల్లలు ఎక్కువమంది తినేదానికి కాంపౌండ్. ఇంట్లో మేం తినడానికి, నడిచి పోయేంత దూరంలో ఉన్నవాళ్లకు ఒరిజినల్, అదీ డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లోనే. ఎండాకాలంలో ఒరిజినల్ మాట తలచను. కాంపౌండ్ కూడా ఎండకు పూర్తిగా ఆగదు. 2022లో రంజాన్ మే మొదట్లో వచ్చింది. ఫ్రిజ్‌లోంచి తీసి పక్కింటికి ఇచ్చిన ముక్కలు షీర్ ఖుర్మా తాగి లేచేలోపు వేళ్లకు అంటుకున్నాయి. స్లాబ్ కొనేటప్పుడు కూడా కాలం చూసుకోవాలి. ఒక ఏప్రిల్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించిన స్లాబ్ దారిలోనే కరిగి, మళ్లీ గట్టిపడి, తెల్లమచ్చలతో వంకరగా చేరింది. వాపసు తీసుకోమంటే తీసుకోలేదు. కరిగించి వాడితే రుచిలో తేడా లేదు, కానీ ఇప్పుడు నవంబరు చివరలోనే ఒకేసారి కొనిపెట్టుకుంటున్నాను.

ఇక పైన చల్లేవాటి గురించి. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

మొదట్లో వీడియోల్లో చూసి బాదం, పిస్తా, క్రాన్‌బెర్రీ కొన్నాను. చాక్లెట్ కంటే వాటి ఖర్చే ఎక్కువైంది. 2019లో పిస్తా అయిపోతే ఇంట్లో ఉన్న చెనక్కాయ విత్తనాలు వేశాను. ఆ పళ్లెమే ముందు ఖాళీ అయింది. చెనక్కాయ పండే జిల్లాలో ఉండి క్రాన్‌బెర్రీ కోసం వెతికానే అని అప్పుడు అనిపించింది. ఇనుప బాండలిలో సన్నని మంట మీద పన్నెండు, పదిహేను నిమిషాలు వేయించాలి, లోపల లేత గోధుమ రంగు రావాలి. పొట్టు నలిపి చేటతో చెరిగి, పూర్తిగా చల్లారాక, సగం పలుకులుగా చేసి వేయాలి. వేడిగా వేస్తే కింద చాక్లెట్ మళ్లీ కరుగుతుంది. పైన రెండు చిటికెల ఉప్పు చల్లండి, కాంపౌండ్‌లోని అతి తీపి చాలావరకు సర్దుకుంటుంది.

రెండో స్థానం బొరుగులది. మన ఊరి పాతూరు అంగళ్లలో కొన్న బొరుగులను ఉత్త బాండలిలో రెండు నిమిషాలు కరకరలాడేదాకా వేడిచేసి, చల్లార్చి, చాక్లెట్‌లోనే కలిపేసి పరచాలి. ముక్క తేలిగ్గా ఉంటుంది, ఒక స్లాబ్‌తో ఎక్కువమందికి పంచొచ్చు. పలచగా తట్టిన నిప్పట్లు కూడా చిదిమి వేసి చూశాను. ఉప్పుగా, కరకరలాడుతూ చాలా బాగున్నాయి. కానీ కారం, కరివేపాకు వేయని నిప్పట్లు అయితేనే. ఆ ఒక్క వాయి విడిగా కలుపుకోవాలి.

అమెరికాలో క్రిస్మస్‌కు పెప్పర్‌మింట్ బార్క్ అని చేస్తారు. కింద డార్క్, పైన వైట్ చాక్లెట్, దానిమీద ఎరుపు తెలుపు చారల పుదీనా మిఠాయి పొడి. ఆ మిఠాయి దొరక్క, మనం చిన్నప్పుడు అంగట్లో కొనుక్కున్న తెల్ల పిప్పరమెంట్లు దంచి వేశాను. మా అమ్మ తిని, వాళ్ల బడి ముందు అంగడి గుర్తొచ్చిందని చెప్పింది. ఇందులో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కింది పొర పూర్తిగా గట్టిపడక ముందే, వేలు పెడితే కొద్దిగా అంటుకునే దశలోనే పైపొర పోయాలి. లేకపోతే విరిచినప్పుడు రెండూ రెండు రేకులుగా ఊడిపోతాయి. పిప్పరమెంట్ పొడి తేమ తగిలితే జిగురుగా అవుతుంది కాబట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి.

తడి ఉన్నది ఏదీ వేయొద్దు. తాజా పండ్లు, పాకం కారే టూటీ ఫ్రూటీ, సరిగ్గా ఎండని ఖర్జూరం, ఏదీ వద్దు. నాలుగు చుక్కల నీళ్లకే కరిగిన చాక్లెట్ ముద్దగా బిగుసుకుపోతుంది. ఒకసారి మా పిల్లలు వైట్ చాక్లెట్‌కు ఎరుపు రావాలని కేకుల్లో వాడే మామూలు రంగు వేశారు. అది నీళ్లతో చేసిన రంగు, నిమిషంలో ఇసుకలా అయింది. చాక్లెట్‌కు నూనెతో చేసిన రంగులే పనికొస్తాయి. అలా బిగుసుకుపోయినదాన్ని పారేయకండి. వేడి పాలు ఎక్కువగా పోసి కలిపితే మళ్లీ జారుతుంది. ఆ రోజు అందరం గ్లాసుల్లో పోసుకుని తాగాం, పిల్లల ఏడుపు ఆగింది.

ఫ్రిజ్ విషయంలోనూ ఒక అనుభవం ఉంది. మూత పెట్టకుండా రాత్రంతా ఉంచిన పళ్లెం తెల్లారేసరికి ఇంగువ వాసన పట్టింది, పక్కనే సాంబారు గిన్నె ఉంది. చాక్లెట్ వాసనలను గట్టిగా పట్టుకుంటుంది. ఎక్కువసేపు ఉంచి బయటికి తీస్తే పైన చెమట కూడా పడుతుంది, ఆ తడికి చక్కెర కరిగి గరుకు మచ్చలు వస్తాయి. గట్టిపడగానే తీసి, గాలి చొరని స్టీలు డబ్బాలో, పొరకూ పొరకూ మధ్య బటర్ పేపర్ వేసి, ఇంట్లో చల్లగా ఉండే మూల పెడుతున్నాను. చెనక్కాయ విత్తనాలు వేసినది రెండు మూడు వారాలు దాటితే కనరు వాసన వస్తుంది.

సిలికాన్ షీట్ ఏడేళ్లయినా చిరగలేదు. కాకపోతే చెనక్కాయ నూనె వాసన పట్టింది. వేడినీళ్లు, సబ్బుతో కడిగి ఎండలో ఆరబెడితే తగ్గుతుంది. దానికోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు, స్టీలు పళ్లెంలో బటర్ పేపర్ పరిచినా సరిపోతుంది. థర్మామీటర్ మాత్రం ఒరిజినల్ చాక్లెట్‌కు తప్పనిసరి. ఏడాదికోసారి మరిగే నీళ్లలో పెట్టి చూసుకోండి. మన ఊరు సముద్రమట్టానికి 330 మీటర్ల పైన ఉంది కాబట్టి 99 దగ్గర చూపిస్తే అది బాగున్నట్టే. నా మొదటి థర్మామీటర్ మూడో ఏడాదికి నాలుగు డిగ్రీలు తక్కువ చూపించింది, దాన్ని నమ్మి ఒక వాయి పాడుచేసుకున్నాను.

ధర సంగతి కూడా చెప్పాలి. 2024లో ప్రపంచ మార్కెట్‌లో కోకో టన్ను పది వేల డాలర్లు దాటింది. ఆ డిసెంబరులో ఒరిజినల్ చాక్లెట్ ధర చూసి రెండు కేజీలు కొందామనుకున్నది ఒక కేజీతో ఆపాను. అదే ఏడాది మన ఏలూరు వైపు కొబ్బరి తోటల్లో అంతర పంటగా పండిన కోకోతో చేసిన చాక్లెట్ మొదటిసారి వాడాను. కొంచెం పులుపు ఉంది. దాని మీద ఎండు ద్రాక్ష కంటే ఉప్పు వేసిన చెనక్కాయ విత్తనాలే బాగా కుదిరాయి.

ఈసారి కడపకు రెండు డబ్బాలు పోవాలి. ఒకటి బొరుగుల కాంపౌండ్, అది పిల్లలకు. రెండోది ఒరిజినలే కావాలని వదిన పట్టుబట్టింది. తెల్లవారుజామున చేసి, గట్టిపడ్డాక పాత దుప్పటి ముక్కలో డబ్బా చుట్టి, మర్నాడు ఎండ రాకముందు బయలుదేరే మొదటి బస్సుకు పంపుతాను. ఎండ పడని వైపు కూర్చోమని ఈసారి ముందే చెప్పాను.