ప్రీ-మెడ్ కోసం ఖరీదైన ప్రైవేట్ కాలేజీకి డిపాజిట్ కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న మన తెలుగు తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఇక్కడ మెడికల్ స్కూల్‌కి ముందు డిగ్రీ చేయాలి, ఆ లక్ష్యంతో చదివే డిగ్రీనే ప్రీ-మెడ్ అంటారు. మే 1 లోపు చాలా కాలేజీలకు డిపాజిట్ కట్టేయాలి. ఒక పక్క పెద్ద పేరున్న ప్రైవేట్ కాలేజీ, ఇంకో పక్క స్టేట్ యూనివర్సిటీ. ఇంట్లో ఎంత టెన్షన్‌గా ఉంటుందో నాకు తెలుసు.

మేం టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయికి ఇక్కడి స్టేట్ యూనివర్సిటీలో సీటు వచ్చింది, కొంత స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు. ఈస్ట్ కోస్ట్‌లోని ఒక ప్రైవేట్ కాలేజీ వాళ్లు మాత్రం తమ ప్రీ-మెడ్ పిల్లల్లో తొంభై శాతం పైగా మెడికల్ స్కూళ్లలో చేరుతున్నారని చెప్పారు. దేశం మొత్తం మీద అప్లై చేసినవాళ్లలో సగం మందికి కూడా సీటు రాదు. అలాంటప్పుడు ఆ మాట వింటే ఎవరి మనసైనా అటే లాగుతుంది. మేం అమ్మాయిని అక్కడే చేర్పించాం.

ఆ తొంభై శాతం లెక్క ఏమిటో అమ్మాయి మూడో ఏడాదిలో గానీ బయటపడలేదు. అక్కడ అప్లై చేయాలంటే ముందు కాలేజీ కమిటీ సిఫార్సు లెటర్ ఇవ్వాలి. జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, కాస్త తక్కువైతే లెటర్ ఇవ్వరు. లెటర్ దొరికినవాళ్లనే ఆ శాతంలో లెక్కేస్తారు. మొదటి ఏడాది కెమిస్ట్రీ దగ్గరే ప్రీ-మెడ్ మానేసినవాళ్లు, కమిటీ ఆపేసినవాళ్లు అందులో ఉండరు. ఎంతమంది పరీక్ష రాశారో చెప్పకుండా వచ్చిన ర్యాంకులు మాత్రం టీవీలో చదివే మన కార్పొరేట్ కాలేజీల పద్ధతే ఇది. పైగా కమిటీ ఉన్న కాలేజీలో చదివి లెటర్ లేకుండా వెళ్తే, ఎందుకు లేదని కొన్ని మెడికల్ స్కూళ్లు అడుగుతాయి.

మా అమ్మాయికి లెటర్ ఇవ్వలేదు. కారణం ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్‌లలో వచ్చిన బీ గ్రేడ్లు. క్లాసంతా హైస్కూల్ టాపర్లే, గ్రేడింగేమో కర్వ్ మీద, అంటే తోటివాళ్లతో పోల్చి ఇస్తారు. మెడికల్ స్కూళ్లలో చేరేవాళ్ల సగటు జీపీఏ 4కి 3.7 దాటి ఉంటుంది, ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్షలో సగటు 528కి 511 పైన. అప్లికేషన్‌లో సైన్స్ జీపీఏని విడిగా లెక్కేస్తారు. అదే కోర్సు మళ్లీ చదివినా పాత గ్రేడు కూడా కలుస్తుంది. కాలేజీ కష్టమైనదని ఆ జీపీఏకి ఎవరూ పాయింట్లు కలపరు. కాలేజీ పేరుకు విలువే లేదని నేననను, కానీ ఆ పేరు పడిపోయిన జీపీఏని నిలబెట్టలేదు.

ఇక డబ్బు. ఇలాంటి ప్రైవేట్ కాలేజీల్లో ఏడాదికి అన్నీ కలిపి 90,000 డాలర్ల దాకా అవుతుంది. ఇద్దరూ ఐటీ ఉద్యోగాల్లో ఉన్న ఇంటికి ఎయిడ్ (కాలేజీ ఇచ్చే ఆర్థిక సాయం) పెద్దగా రాదు. డిగ్రీకే పొదుపంతా ఊడ్చేస్తే మెడికల్ స్కూల్‌కి ఏం మిగులుతుంది? 2026 జూలై 1 నుంచి కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు, డిగ్రీ తర్వాతి చదువులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే గ్రాడ్ ప్లస్ లోన్ లేదు. మెడిసిన్‌కి ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లు దాటదు. పిల్లల డిగ్రీ కోసం తల్లిదండ్రులు తీసుకునే ఫెడరల్ లోన్ పేరెంట్ ప్లస్ కూడా ఒక్కో పిల్లకి ఏడాదికి 20,000, మొత్తం 65,000 దగ్గర ఆగిపోతుంది. మిగిలినది ప్రైవేట్ బ్యాంకు దగ్గరే తేవాలి. పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉంటే ఫెడరల్ లోన్లే ఉండవు, చాలా మెడికల్ స్కూళ్లు వాళ్ల అప్లికేషన్ కూడా తీసుకోవు.

టెక్సస్ వాళ్లకు ఇంకో మాట. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం తొంభై శాతం సీట్లు టెక్సస్ రెసిడెంట్లకే. అది టెక్సస్‌లో నివాసం వల్ల వచ్చే అవకాశం, డిగ్రీ కాలేజీ పేరు వల్ల కాదు.

ప్రైవేట్ కాలేజీ మంచి ఎయిడ్ ఇచ్చి ఖర్చు స్టేట్ యూనివర్సిటీకి దగ్గరగా వస్తే సంగతి వేరు. లేకపోతే డిపాజిట్‌కి ముందే ఆ కాలేజీలో ప్రీ-మెడ్ పిల్లలకు సలహాలిచ్చే ప్రీ-హెల్త్ ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. మొదటి ఏడాది ప్రీ-మెడ్ అని మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది, చివరికి అప్లై చేసినవాళ్లు ఎంతమంది, లెటర్ నిరాకరించినవాళ్లు ఎంతమంది, ఆ శాతంలో అమెరికా బయట, కరీబియన్ దీవుల్లో ఉన్న మెడికల్ స్కూళ్లు కూడా కలిపారా అని అడగండి. లెటర్ రాని తర్వాత మేం ఇవే అడిగితే, ఆ వివరాలు బయటికి ఇవ్వమని రాశారు. మీకూ అదే జవాబు వస్తే డిపాజిట్ కట్టకండి.