రెస్టారెంట్ ఆర్డర్లకు క్లాసులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

హైదరాబాద్‌లో బిర్యానీ హోటళ్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాయడం నా పని. కస్టమర్ ఆర్డర్‌ను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోని క్లాసులతో (ఒక వస్తువు వివరాలు, అది చేసే పనులు ఒకచోట రాసిపెట్టే అచ్చులు) మోడల్ చేయడం ఏళ్లుగా నడుస్తోంది. క్లాసులు నిజంగా పనికొస్తాయి, ఇన్‌హెరిటెన్స్‌ను (ఒక క్లాసు లక్షణాలను దాని కింది సబ్‌క్లాసులు అందుకోవడం) మాత్రం ఇక్కడ దూరంగా పెట్టడమే మేలు.

మెనూలోని ఐటమ్ ఒక క్లాసు, ఆర్డర్‌లోని లైను (కస్టమర్ చెప్పిన ఒక్కో ఐటమ్) ఇంకో క్లాసు. ఈ రెండూ విడిగా ఉండటమే ఈ డిజైన్‌కు ప్రాణం. ఆర్డర్ తీసుకోగానే ధర లైనులోకి కాపీ అవుతుంది. ఆ తర్వాత ఓనర్ చికెన్ బిర్యానీ రేటు పెంచినా, అప్పటికే తింటున్న టేబుల్ బిల్లు మారదు. 'మసాలా తక్కువ', 'సాలన్ ఎక్స్‌ట్రా' లాంటివీ లైనులోనే ఉంటాయి, కేఓటీ (వంటగదికి వెళ్లే ఆర్డర్ చీటీ) మీద అవే ప్రింటవుతాయి.

ఆర్డర్ అనే క్లాసు కింద డైన్-ఇన్, పార్సిల్, డెలివరీ అని మూడు సబ్‌క్లాసులు పెట్టడం చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ మన జనం ఫ్యామిలీ ప్యాక్ చెప్పి, సగం తిని, "మిగతాది పార్సిల్ చెయ్యి భాయ్" అంటారు. ఇంట్లోవాళ్లకని ఇంకో సింగిల్ కూడా కలుపుతారు. అప్పుడా ఆర్డర్ ఏ క్లాసుది? పార్సిల్ ఆబ్జెక్ట్ (ఆ క్లాసు అచ్చుతో చేసిన ఆర్డర్) కొత్తగా సృష్టిస్తే కేఓటీ నంబర్లు, టేబుల్ నంబరు, డిస్కౌంటు అన్నీ అందులోకి మోసుకెళ్లాలి. పార్సిలా, టేబులా అన్నది లైనులో ఒక ఫీల్డ్‌గా ఉంటే ఆ గొడవే లేదు. ప్యాకింగ్ చార్జీ ఆ లైనుకే పడుతుంది.

ట్యాక్స్ లెక్కకూ విడి క్లాసు ఉండాలి. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం: సీజీఎస్టీ 2.5, ఎస్‌జీఎస్టీ 2.5. అయితే 2022 జనవరి 1 నుంచి స్విగ్గీ, జొమాటోల్లో వచ్చే ఫుడ్ ఆర్డర్లకు ఆ పన్ను ప్రభుత్వానికి కట్టాల్సింది ఆ యాప్‌లే. ఇలాంటి మార్పు వచ్చినప్పుడు ఆర్డర్ క్లాసు జోలికి వెళ్లకుండా పని అయిపోవాలి.

డబ్బులకు ఫ్లోట్ (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్య రకం) అస్సలు వద్దు. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. డెసిమల్ (దశాంశాలను ఉన్నవి ఉన్నట్టే దాచే రకం) వాడితే రాత్రి కౌంటర్ క్లోజింగ్‌లో పైసల టెన్షన్ ఉండదు.

ముందే డబ్బులు తీసుకుని టోకెన్ ఇచ్చే టిఫిన్ సెంటర్‌కు ఇదంతా బరువే, అక్కడ ఐటమ్‌ల లిస్టు, మొత్తం ఉంటే చాలు. టేబుళ్లు, పార్సిళ్లు, యాప్ ఆర్డర్లు ఒకే కౌంటర్ మీద నడిచే చోట మాత్రం నేను ఈ పద్ధతే వాడతాను.