మళ్లీ లేవాలంటే చలా, రసాయనమా? వైజాగ్ నుంచి చూస్తే ఏది మేలు?

చచ్చాక శరీరాన్ని దాచిపెట్టించుకుని, వైద్యం బాగా ముందుకెళ్లాక లేవాలనుకునేవాళ్లకి ప్రస్తుతం రెండు దారులున్నాయి. ద్రవ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంచే క్రయోనిక్స్ ఒకటి. ముందు ఆల్డిహైడ్ అనే రసాయనం ఎక్కించి మెదడును ఉన్నదున్నట్టు బిగించేసి, ఆ తర్వాత చల్లబరచడం రెండోది. ఇంతవరకూ ఏ దారిలోనూ ఒక్కరూ లేవలేదు. 1967 జనవరిలో భద్రపరిచిన జేమ్స్ బెడ్‌ఫోర్డ్ ఇంకా అమెరికాలోని అరిజోనాలో, ఆల్కార్ అనే క్రయోనిక్స్ సంస్థలో అలాగే ఉన్నాడు.

చలితో వచ్చే చిక్కు మన ఫిషింగ్ హార్బర్‌లో ఎవరినడిగినా చెబుతారు. రొయ్యని నిదానంగా గడ్డకట్టిస్తే లోపల పెద్ద పెద్ద మంచు పలుకులు కట్టి కణాల్ని చీల్చేస్తాయి. కరిగాక నీరంతా కారి పీచు మిగుల్తుంది. అందుకే క్రయోనిక్స్‌లో రక్తం తీసేసి, మంచు కట్టనివ్వని మందు ఎక్కించి, ఒంటిని గాజులా గట్టిపడనిస్తారు. టెస్ట్ ట్యూబ్ బేబీల కోసం దాచే పిండాలు చిన్నవి కాబట్టి వాటికిది మామూలైపోయింది. 2023లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుక కిడ్నీని 100 రోజుల దాకా ఇలా ఉంచి, ఐరన్ ఆక్సైడ్ నానో కణాలతో సమంగా వేడెక్కించి, మరో ఎలుకకి అమర్చితే పనిచేసింది. కానీ ఎలుక కిడ్నీ ఎంత, మనిషెంత! పెద్ద అవయవం చల్లారేటప్పుడు పగుళ్లిస్తుంది. మందు అంతటా పాకదు, పాకిన చోట అదే విషం.

ఆల్డిహైడ్ పద్ధతిలో పంది మెదడులోని నరాల అల్లిక చెక్కుచెదరకుండా నిలిచిందని 2018లో బ్రెయిన్ ప్రిజర్వేషన్ ఫౌండేషన్ బహుమతి ఇచ్చింది. వివరం దక్కేది ఇందులోనే. అయితే ప్రోటీన్లన్నీ అతుక్కుపోయిన ఆ మెదడుకి మళ్లీ ప్రాణం పోయడం కుదరదు. ఎప్పటికైనా స్కాన్ చేసి కంప్యూటర్‌లో నడిపించుకోవాల్సిందే. నడిచేది నకలు, నేను కాదు. అందుకని నా ఓటు చలికే, అదీ అరిజోనాలో పోతే.

ఇక్కడ పోతే? గుండె ఆగిన నిమిషాల్లోనే మెదడు పాడవడం మొదలవుతుంది. అక్కడైతే మంచం పక్కనే మనుషులు కాచుకుని ఉంటారు. మనకి మే నెల ఎండ, డెత్ సర్టిఫికెట్, కార్గో బుకింగ్, విమానాలు మారడం... చేరేసరికి దాచడానికి ఏం మిగుల్తుంది? ఖర్చా, ఆల్కార్‌లో పూర్తి శరీరానికి 2 లక్షల డాలర్లు దాటుతుంది.

వైజాగ్‌లో పోయినా, ఇంకొకరి కంట్లో మళ్లీ పనిచేసేది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర. ఆరు గంటల్లోపు తీస్తే చాలు. హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. ఇంట్లోవాళ్లు ఫ్యాన్ ఆపి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తుగా సర్ది, వెంటనే ఐ బ్యాంకుకి ఫోన్ చెయ్యాలి.