తెలుగు నోటిఫికేషన్లకు ఫైర్‌బేస్ మెసేజింగ్: పంపడంలో గట్టిది, రాయడంలో మీదే భారం

కూకట్‌పల్లిలో కర్రీ పాయింట్‌కి యాప్ కట్టినా, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్‌కి కట్టినా, నోటిఫికేషన్ల మాట రాగానే డెవలపర్లు ముందు చెప్పే పేరు ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్. ఫోన్లకి నోటిఫికేషన్లు చేరవేసే ఈ సేవని, తన పాత సేవ జీసీఎం (గూగుల్ క్లౌడ్ మెసేజింగ్) బదులుగా గూగుల్ 2016లో తెచ్చింది. ఎన్ని మెసేజ్‌లు పంపినా పైసా కట్టనక్కర్లేదు. ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ ఒకే చోటి నుంచి పంపొచ్చు. ఎస్సెమ్మెస్‌తో పోల్చి చూస్తే రెండు తలనొప్పులు తప్పుతాయి. ఒకటి, డీఎల్‌టీలో (వ్యాపార ఎస్సెమ్మెస్‌ల కోసం టెలికాం సంస్థలు నడిపే నమోదు వేదిక) మెసేజ్ టెంప్లేట్ నమోదు చేయించి ఆమోదం కోసం ఎదురుచూడక్కర్లేదు. రెండు, తెలుగు ఎస్సెమ్మెస్ 70 క్యారెక్టర్లు దాటగానే రెండో మెసేజ్ కింద లెక్కకొస్తుంది. ఇక్కడ ఆ బెంగ లేదు.

మెసేజ్ చేరవేసే పనిలో దీనికి వంక పెట్టలేం. తెలుగులో రాసేవాళ్లకు మాత్రం ఇది ఏ సాయమూ చేయదు. పైగా ఒక చోట నమ్మించి దెబ్బతీస్తుంది కూడా. అందుకే ఈ సమీక్ష ఎక్కువగా ఆ వైపు నుంచే.

కన్సోల్‌లో (బ్రౌజర్‌లో తెరిచే ఫైర్‌బేస్ అడ్మిన్ పేజీలో) మెసేజింగ్ తెరిచి కొత్త క్యాంపెయిన్ మొదలుపెడితే ఐదు అంచెలు వస్తాయి. మొదటిదాంట్లో టైటిల్, మేటర్, కావాలంటే బొమ్మ లింకు. తర్వాత ఎవరికి పంపాలి, ఎప్పుడు పంపాలి, ఏ పనిని ఫలితంగా లెక్కించాలి, చివర్న అదనపు ఆప్షన్లు. మొదటి అంచెలోనే టెస్ట్ మెసేజ్ బటన్ ఉంటుంది. ఫోన్ టోకెన్ (ఆ ఫోన్‌లోని యాప్‌కి ఫైర్‌బేస్ ఇచ్చే గుర్తింపు కోడ్) అతికించి నొక్కితే ఆ ఒక్క ఫోన్‌కే వెళ్తుంది. టెస్ట్ చేసేటప్పుడు యాప్‌ని తెర మీద తెరిచి ఉంచకండి. యాప్ ముందు ఉన్నప్పుడు ఆండ్రాయిడ్ నోటిఫికేషన్‌ని తనంతట తాను చూపదు, మెసేజ్‌ని యాప్ కోడ్ చేతికిస్తుంది. కోడ్‌లో దానికి ఏర్పాటు లేకపోతే ఏమీ రాలేదనిపిస్తుంది. టోకెన్ తప్పేమోనని గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. హోమ్ బటన్ నొక్కి, యాప్‌ని వెనక్కి పంపి, అప్పుడు టెస్ట్ చేయండి. అలాగని సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫోర్స్ స్టాప్ చేయకండి. అలా ఆపిన యాప్‌కి మళ్లీ తెరిచేదాకా ఏ మెసేజూ అందదు.

ఇక నమ్మించి దెబ్బతీసే చోటు. ఎవరికి పంపాలో ఎంచుకునే అంచెలో భాష అనే ఫిల్టర్ ఉంది. తెలుగు అని పెడితే తెలుగువాళ్లందరికీ వెళ్తుందనుకుంటాం. ఆ ఫిల్టర్ చూసేది ఫోన్ సెట్టింగ్స్‌లో ఉన్న భాషని. హైదరాబాద్‌లో తెలుగు చదివేవాళ్లలో చాలామంది ఫోన్లు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి. యాప్‌లో తెలుగు ఎంచుకున్న మనిషి కూడా ఈ ఫిల్టర్ కంటికి ఇంగ్లిష్ మనిషే. అలాగని ఫిల్టర్ తీసేసి అందరికీ తెలుగు పంపితే, ఉర్దూ, హిందీ మాట్లాడేవాళ్లు బోలెడంతమంది ఉన్న ఊరిది, వాళ్లకి అర్థం కాని మెసేజ్ వెళ్తుంది. సరైన దారి ఒకటే. యాప్‌లో భాష ఎంచుకున్న క్షణాన ఆ ఎంపికని గూగుల్ అనలిటిక్స్‌లో యూజర్ ప్రాపర్టీగా, అంటే ఆ యూజర్ పేరిట ఉండే ఒక వివరంగా, రాయించండి. కన్సోల్‌లో భాష ఫిల్టర్ వదిలేసి ఆ ప్రాపర్టీ మీద ఎంచుకోండి. ఒక ప్రాజెక్టుకి 25 ప్రాపర్టీల దాకా పెట్టుకోవచ్చు, విలువ 36 క్యారెక్టర్లు దాటకూడదు. భాషకు ఒకటి ఖర్చు పెట్టడం దండగ కాదు. పెట్టిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి యాప్ మొదటి వెర్షన్‌లోనే పెట్టేయండి.

పేటల వారీగా పంపాలంటే, ఒకే మెసేజ్ అందుకోవాల్సిన ఫోన్ల గుంపులైన టాపిక్‌లు వాడండి. డెలివరీ అడ్రస్‌లో కూకట్‌పల్లి ఎంచుకుంటే ఆ టాపిక్‌లో చేర్చాలి. టాపిక్ పేరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులతోనే ఉండాలి, తెలుగు అక్షరాలు ఒప్పుకోదు. ఇల్లు ఎల్బీనగర్‌కి మారినప్పుడు పాత టాపిక్ నుంచి తీసే కోడ్ కూడా రాయాలి. చేర్చింది ఎవరూ తీయకపోతే అలాగే ఉంటుంది, ఫోన్ యజమాని లాగౌట్ అయినా సరే.

ఇప్పుడు అసలు రాత దగ్గరికి. కన్సోల్‌లో మెసేజ్ రాసే చోటు, అంటే కంపోజర్, పెట్టెలు ఖాళీగా ఇస్తుంది, అంతే. అందుకే ఇంగ్లిష్ ప్రకటనని పదానికి పదం దించిన వాక్యాలు ఫోన్ల మీద పడుతుంటాయి. "త్వరపడండి! మీ కోసం ఒక ప్రత్యేకమైన ఆఫర్ వేచి ఉంది" అన్నదాంట్లో వస్తువు లేదు, ధర లేదు, గడువు లేదు. మూసి ఉన్న నోటిఫికేషన్‌లో టైటిల్ ఒక వరస, మేటర్ ఒక వరస మాత్రమే కనపడతాయి. తెలుగు అక్షరాలు వెడల్పు ఎక్కువ, కాబట్టి మొదటి మూడు నాలుగు మాటల్లోనే విషయం తేలిపోవాలి. "గుత్తి వంకాయ కూర ఈ రోజు 80 రూపాయలే" అని టైటిల్, "మధ్యాహ్నం 2 లోపు ఆర్డర్ ఇస్తే డెలివరీ చార్జీ లేదు" అని మేటర్. చదివినవాళ్లు కావాలంటే నొక్కుతారు, వద్దంటే తోసేస్తారు. ఎవరి టైమూ వృథా కాలేదు.

"మీ ఆర్డర్ డెలివర్ చేయబడింది" వద్దు. "మీ ఆర్డర్ డెలివరీ అయింది" చాలు. "రైడర్ వచ్చాడు" అని రాస్తే వచ్చింది అమ్మాయి అయినప్పుడు తప్పు, అబ్బాయి అయినా మర్యాద తక్కువ. "డెలివరీ పార్ట్‌నర్ మీ గేటు దగ్గర ఉన్నారు" అంటే ఇద్దరికీ సరిపోతుంది. పేమెంట్ ఆగిపోయినప్పుడు "లావాదేవీ విఫలమైంది" అని ఆపేస్తే మనిషి కంగారు పడతాడు. "పేమెంట్ పూర్తి కాలేదు. డబ్బు కట్ అయి ఉంటే తిరిగి జమ అవుతుంది" అని రాసి, మీ గేట్‌వే చెప్పే గడువు ఎన్ని రోజులో కూడా చేర్చండి.

పేరు పెట్టి పిలవాలనుకుంటే వ్యాకరణం అడ్డొస్తుంది. టెంప్లేట్‌లో పేరు తర్వాత "కు" అతికిస్తే సునీతకు బాగానే ఉంటుంది, రవి దగ్గరికి వచ్చేసరికి "రవికు" అవుతుంది. పోనీ "కి" పెడదామంటే ఇంకో చిక్కు. శ్రీనివాస్ అనే పేరు పొల్లుతో ముగుస్తుంది. దాని వెనక నేరుగా "కి" తగిలిస్తే రెండూ కలిసి "శ్రీనివాస్కి" అయి, సకారం కింద కకారం వత్తులా దూరుతుంది. విడిగా కనపడాలంటే మధ్యలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టాలి, అప్పుడే "శ్రీనివాస్‌కి" అని వస్తుంది. కొన్ని సర్వర్లు మేటర్‌ని శుభ్రం చేసే వంకతో ఆ గుర్తుని తీసేస్తాయి కూడా. ఈ గొడవలన్నీ తప్పించే మార్గం, పేరుకి విభక్తి తగిలించకపోవడమే. పేరు, ఖాళీ, "గారూ", కామా. "రవి గారూ, మీ ఆర్డర్ బయలుదేరింది" అంటే ఏ పేరుకైనా నిలబడుతుంది. సంఖ్యలకూ ఇదే జాగ్రత్త. "1 నిమిషాల్లో" అని ఎప్పుడూ వెళ్లకూడదు. ఒకటికి "నిమిషంలో" అనే వాక్యం, అంతకు మించితే "నిమిషాల్లో" అనే వాక్యం, రెండు టెంప్లేట్లు విడివిడిగా ఉంచుకుని సర్వర్ ఎంచుకునేలా చేయండి.

పొడవు లెక్క కూడా కొంచెం తెలుసుకోవాలి. కన్సోల్ నుంచి పంపితే 1000 క్యారెక్టర్ల హద్దు ఉంది, ఏపీఐ నుంచి, అంటే మీ సర్వర్ కోడ్ నుంచి నేరుగా పంపితే, మొత్తం పేలోడ్ (మెసేజ్, దాంతో వెళ్లే డేటా కలిపి) 4096 బైట్లు. అక్షరాలని కంప్యూటర్ దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. గుణింతం, పొల్లు, సున్నా దేనికదే లెక్కకొస్తాయి. "స్త్రీ" కంటికి ఒకే అక్షరం, కంప్యూటర్‌కి ఆరు గుర్తులు, 18 బైట్లు. "మీ ఆర్డర్ బయలుదేరింది" 59 బైట్లు. నోటిఫికేషన్ మేటర్ ఎంత పొడుగైనా ఈ హద్దు దాకా పోవడం అరుదు. బైట్లు తినేది వెనక కట్టే డేటా, పొడవాటి లింకులు. అసలు ప్రమాదం వేరే. పొడవు తగ్గించాలని సర్వర్‌లో ఇన్ని క్యారెక్టర్ల దగ్గర కత్తిరించమని కోడ్ రాస్తారు. ఆ కత్తి "స్త్రీ" మధ్యలో పడితే "స్" మిగులుతుంది, "కూర" మధ్యలో పడితే "కూ" అని కూతలా ఆగిపోతుంది. కత్తిరించాల్సి వస్తే మాట చివర కత్తిరించండి. మాట ఒకటే మరీ పొడవైతే యూనికోడ్ పనులు చూసే ఐసీయూ లైబ్రరీ కొత్త వెర్షన్‌లోని బ్రేక్ ఇటరేటర్‌తో పూర్తి అక్షరం చూసి ఆపండి.

అదనపు ఆప్షన్లలో ఆండ్రాయిడ్ చానెల్ పెట్టె ఖాళీగా వదిలేస్తుంటారు. ఆండ్రాయిడ్ 8 నుంచి ప్రతి నోటిఫికేషన్‌కీ ఒక చానెల్ (వాడేవాళ్లు విడిగా ఆపుకోగల నోటిఫికేషన్ల వర్గం) ఉండాల్సిందే. యాప్‌లో డిఫాల్ట్ చానెల్ చెప్పకపోతే ఫైర్‌బేస్ తనే మిసెలేనియస్ అనే పేరుతో ఒకటి సృష్టించి అందులో పడేస్తుంది. అప్పుడు ఆర్డర్ సమాచారం, ఆఫర్లు ఒకే గంపలో పడతాయి. ఆఫర్లతో విసిగి ఎవరైనా ఆ చానెల్ ఆపేస్తే, అన్నం ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే మెసేజ్ కూడా ఆగిపోతుంది. కనీసం మూడు చానెళ్లు చేయండి: "ఆర్డర్ సమాచారం", "పేమెంట్లు", "ఆఫర్లు". ఈ పేర్లు ఫోన్ సెట్టింగ్స్‌లో వాడేవాళ్లకి కనపడతాయి కాబట్టి తెలుగులోనే పెట్టండి. శబ్దం, ప్రాధాన్యం మొదటిసారే ఆలోచించి పెట్టాలి. చానెల్ సృష్టించాక వాటిని యాప్ మార్చలేదు, వాడే మనిషి చేతికి వెళ్లిపోతాయి. తీసేసి అదే ఐడీతో మళ్లీ చేసినా పాత సెట్టింగులే తిరిగొస్తాయి. కన్సోల్‌లో సౌండ్ ఆన్ చేసినా శబ్దం రాకపోవడానికి కారణం ఇదే.

గడువు పెట్టె కూడా ఇక్కడే ఉంది. ఏమీ మార్చకపోతే మెసేజ్ 4 వారాలు బతుకుతుంది. మధ్యాహ్నం 2 లోపు అని రాసిన వంకాయ కూర ఆఫర్, ఫోన్ ఆఫ్ చేసి ఊరెళ్లిన మనిషికి పది రోజుల తర్వాత మోగుతుంది. ఆఫర్ ముగిసే సమయం ఎంతో చూసి అంతే గడువు పెట్టండి. ఆర్డర్ దశలకి ఏపీఐలో ఆండ్రాయిడ్ ట్యాగ్ వాడండి. ఒకే ఆర్డర్‌కి ఒకే ట్యాగ్ ఇస్తే "వండుతున్నాం" ఉన్న చోటే "బయలుదేరింది" వచ్చి కూర్చుంటుంది, ఒకదాని కింద ఒకటి పేరుకోవు. కన్సోల్ కంపోజర్ ఆఫర్లకీ సెలవు ప్రకటనలకీ సరిపోతుంది. ఆర్డర్ నంబరు, పేరు, దశ లాంటివి మారే మెసేజ్‌లకి ఏపీఐ తప్పదు. పాత సర్వర్ కీతో నడిచే ఏపీఐని 2024లో మూసేశారు. పాత ట్యుటోరియల్ చూసి రాసిన కోడ్ ఇప్పుడు పనిచేయదు, సర్వీస్ అకౌంట్‌తో నడిచే హెచ్‌టీటీపీ వీ1 వాడాలి.

ఏపీఐకి ఇంకో మేలు ఉంది. వాక్యాన్ని పంపకుండా దాని కీ మాత్రమే పంపొచ్చు. యాప్‌లోని స్ట్రింగ్స్ ఫైళ్లలో (భాషకో ఫైలుగా వాక్యాలుండేవి) అప్పుడున్న భాషకి సరిపోయేదాని నుంచి ఫోనే వాక్యాన్ని తీసుకుంటుంది. భాషకో క్యాంపెయిన్ చేసే శ్రమ తగ్గుతుంది. అక్షరదోషం దొరికితే మాత్రం యాప్ అప్‌డేట్ వదలాల్సిందే.

ఆండ్రాయిడ్ 13 నుంచి అనుమతి అడగాలి. రెండుసార్లు వద్దంటే మళ్లీ అడిగే పెట్టె రాదు. ఐఫోన్‌లో అయితే ఒక్కసారే. యాప్ తెరిచిన మొదటి క్షణాన అడగడం అవకాశాన్ని పారబోసుకోవడమే. మొదటి ఆర్డర్ పెట్టాక, "ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమంటారా?" అని మీ సొంత తెర చూపించి, అవునన్నవాళ్లకే అసలు పెట్టె తెప్పించండి. ఐఫోన్ వైపు మెసేజ్‌లు పంపడానికి యాపిల్ ఇచ్చే, ఏడాదికోసారి గడువు తీరే సర్టిఫికెట్ కన్నా పీ8 కీ అప్‌లోడ్ చేయడం మంచిది, దానికి ఆ బెడద ఉండదు.

రిపోర్టుల్లో పంపినవి అన్న అంకె చూసి మురిసిపోవద్దు. అది మెసేజ్ క్యూలో పడిందనో, యాపిల్ చేతికి వెళ్లిందనో చెప్పే లెక్క. తెరిచినవి అన్న అంకె చూడండి. తెలుగు వాక్యం రెండు రకాలుగా రాసి ఏది మేలో తేల్చుకోవాలంటే ఫైర్‌బేస్‌లోనే ఏ/బీ టెస్టింగ్ ఉంది, అదీ ఉచితమే.

పబ్లిష్ నొక్కి, మెసేజ్ వెళ్లిపోయాక వెనక్కి తీసుకునే బటన్ ఈ కన్సోల్‌లో లేదు. కాబట్టి ముందు టెస్ట్ మెసేజ్‌ని రెండు ఫోన్లలో చూడండి. ఒకటి మామూలుది, ఇంకోటి అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్న చవక ఫోన్. నోటిఫికేషన్ మూసి ఉన్నప్పుడు ధర కనపడుతోందా, వత్తులు తెగకుండా వస్తున్నాయా, ఐకాన్ బూడిద రంగు డబ్బాలా కాకుండా గుర్తుపట్టేలా ఉందా అన్నవి చూసుకోండి. ఐకాన్ డబ్బాలా వస్తే పారదర్శక నేపథ్యం మీద తెల్ల బొమ్మ ఒకటి చేయించి, యాప్ వివరాలుండే ఫైలైన మేనిఫెస్ట్‌లో డిఫాల్ట్‌గా పెట్టించాలి. ఆ తర్వాతే పబ్లిష్ నొక్కండి.