కుళాయి టోపీకి అయిదుకు నాలుగు

నాలుగు డాలర్ల వస్తువు మీద ఇంత రాయాలా అని మా అబ్బాయి నవ్వాడు. 2021 ఫిబ్రవరిలో హాల్లో తివాచీ పిండిన సంగతి వాడు మరిచిపోయాడేమో. నేను మరిచిపోలేదు, పిండింది నేను కనుక.

వస్తువు ఏమిటంటే, ఇంటి బయటి కుళాయిలకు తొడిగే ఫోమ్ టోపీ. బోర్లించిన పెద్ద గ్లాసులా ఉంటుంది. గట్టి ఫోమ్ గోడ, అంచున మెత్తటి ఫోమ్ చుట్టు, లోపల సాగే తాడు. తాడును కుళాయి మెడకు తగిలించి, టోపీని గోడకు ఆనించి, పైనున్న బిళ్లను లాగి బిగించాలి. నాలాంటి అరవై దాటిన మనిషికి కూడా ఒక్కో కుళాయికి నిమిషం పడుతుంది. అమెరికాలో టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ పక్కన ప్లేనోలో ఉన్న మా అబ్బాయి ఇంటికి బయట మూడు కుళాయిలు. 2021 అక్టోబరులో మూడు టోపీలు కొన్నాం. అన్ని కంపెనీలవీ దాదాపు ఒకే అచ్చు కాబట్టి పేరుతో పనిలేదు.

ఎందుకు కొన్నామో చెప్పాలి. ఆ ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. 1949 తర్వాత అంత చలి అక్కడ అదే. తెనాలిలో పదిహేను డిగ్రీలకే మఫ్లర్ చుట్టుకునే మనుషులం మేము. కరెంటు పోయింది. రాష్ట్రమంతటా 45 లక్షల ఇళ్లకూ వ్యాపారాలకూ పోయిందని తర్వాత తెలిసింది. అందరం ఒకే గదిలో, ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుని పడుకున్నాం. రెండో రాత్రి మా అబ్బాయి పెరట్లోని బొగ్గుల పొయ్యిని లోపలికి తెస్తానన్నాడు. చిన్నప్పుడు బాలింత గదిలో కుంపటి పెట్టేవాళ్లం కదా అని వాడి వాదన. ఆ ఇల్లు పెంకుటిల్లు, గాలి వెళ్లడానికి వంద సందులుండేవి. ఇక్కడ తలుపు వేస్తే డబ్బా మూత పెట్టినట్టే. గడప దాటనివ్వలేదు. ఆ వారం హ్యూస్టన్‌లో కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయినవారి సంగతి టీవీలో చూశాక వాడు ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

చలి తగ్గాక అసలు నష్టం బయటపడింది. పెరటి కుళాయికి వెళ్లే గొట్టం గోడ లోపల చీలింది. గడ్డకట్టి ఉన్నంతసేపు చుక్క రాలేదు. కరిగిన రోజు మధ్యాహ్నం గోడ అడుగు నుంచి నీళ్లు పాములా పాకుతూ వచ్చాయి. ప్లంబరు రావడానికి పదకొండు రోజులు పట్టింది. వచ్చి ఎంత తీసుకున్నాడో రాస్తే, టోపీ ధర ఎందుకు మొదటే చెప్పానో అర్థమవుతుంది. రాయను, మా కోడలికి ఇంకా బాధగా ఉంది.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై ఎనిమిదేళ్లు ఫిజికల్ సైన్సు చెప్పినదాన్ని, కాబట్టి ఒక్కమాట ఓపిగ్గా వినండి. టోపీ వేడి పుట్టించదు. స్వెట్టర్ వేడి పుట్టిస్తుందా? ఇంటి లోపలి వెచ్చదనం గొట్టం వెంట కుళాయి దాకా వస్తుంది, దాన్ని బయటికి తొందరగా పోనివ్వకపోవడమే టోపీ పని. ఇంట్లో హీటరు ఆగిపోయి గోడలే చల్లబడితే టోపీ చేయగలిగింది తక్కువ. 2021లో ఇది ఉన్నా మా గొట్టం చీలేదనే అనుకుంటున్నాను. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వరకు ఉబ్బుతుంది. అయితే గొట్టం చీలేది సాధారణంగా మంచు ఉన్నచోట కాదు. మంచు బిరడాకూ, మూసిన కుళాయికీ మధ్య చిక్కిన నీటికి పోవడానికి దారి ఉండదు. ఆ ఒత్తిడి గొట్టాన్ని చీలుస్తుంది. అందుకే గట్టి చలి రాత్రుల్లో లోపలి కుళాయిలను సన్నటి ధారగా వదిలి ఉంచమంటారు. బయటి కుళాయికి తోట పైపు ఉంటే ముందు అది విప్పండి. పైపు వదిలేసి టోపీ తొడిగితే ఉపయోగం లేదు.

2022లో క్రిస్మస్ ముందు ఒకసారి, 2024లో సంక్రాంతినాడు ఒకసారి మైనస్ పదికి అటూ ఇటూ వెళ్లింది. రెండుసార్లూ కరెంటు ఉంది, మూడు కుళాయిలూ క్షేమం.

ఆ సంక్రాంతికి హ్యూస్టన్ నుంచి అమ్మాయీ అల్లుడూ వచ్చారు. అల్లుడిది చమురు కంపెనీలో ఉద్యోగం. పెరట్లో నేను టోపీలు బిగిస్తుంటే కిటికీలోంచి చూసి, "భూమి వేడెక్కిపోతోందంటారు, మీరేమో కుళాయికి టోపీ పెడుతున్నారు అత్తయ్యా" అన్నాడు. అంతే, మా అబ్బాయి గరిటె కింద పెట్టాడు. చక్కెర పొంగలి అడుగంటేదాకా వాదన నడిచింది.

అల్లుడి వాదం: 1899 ఫిబ్రవరిలో ఇదే డాలస్ ప్రాంతంలో మైనస్ 22 వచ్చింది, అప్పుడు కార్లెన్ని, కర్మాగారాలెన్ని? 2021లో కరెంటు పోయింది గాలిమరలు గడ్డకట్టడం వల్ల. మా అబ్బాయి వాదం: ఉత్తర ధ్రువం మిగతా భూమికన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కుతోంది, అక్కడి గాలి సుడి చెదిరి చలి కిందికి దిగుతోంది, "ఇది తేలిపోయిన విషయం బావా".

జవాబు పత్రాలు దిద్దే అలవాటు పోలేదు. ఇద్దరికీ మార్కులు వేశాను.

అల్లుడికి పదికి నాలుగు. 1899 లెక్క సరైనదే. కానీ అప్పుడు చలి వచ్చిందన్నంత మాత్రాన ఇప్పుడు భూమి వేడెక్కడం లేదని రుజువు కాదు. గాలిమరల మాటకు మార్కులు కోశాను. కొన్ని మరలు ఆగిన మాట నిజమే. కాని 2021 నవంబరులో అమెరికా కేంద్ర ఇంధన నియంత్రణ సంస్థ, విద్యుత్ గ్రిడ్ భద్రత చూసే మరో సంస్థ కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం, దెబ్బతిన్న విద్యుత్ యూనిట్లలో 58 శాతం సహజవాయువువి. అల్లుడు ఆ అంకె విని మంచినీళ్లు తాగాడు.

మా అబ్బాయికి ఆరు. గాలి సుడి సంగతి వాడు బాగానే చెప్పాడు. చలికాలమంతా ధ్రువం చుట్టూ చాలా ఎత్తున గాలి సుడి తిరుగుతుంది. మజ్జిగ చిలికేటప్పుడు కవ్వం వేగంగా ఆడినంతసేపూ సుడి కుండ మధ్యనే ఉంటుంది, చెయ్యి తడబడితే అంచు మీదికి చిందుతుంది. 2021 జనవరి మొదట్లో ధ్రువం మీద పై గాలి కొద్ది రోజుల్లోనే పదుల డిగ్రీలు వేడెక్కి సుడి దెబ్బతింది, ఫిబ్రవరిలో చలి టెక్సస్‌కు దిగింది. చెయ్యి ఎందుకు తడబడింది అన్నదే అసలు ప్రశ్న. జూడా కోహెన్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు అదే ఏడాది సెప్టెంబరులో ‘సైన్స్’ పత్రికలో రాసిందేమిటంటే, ఆర్కిటిక్, అంటే ఉత్తర ధ్రువ ప్రాంతం, వేడెక్కడం వల్ల ఆ సుడి సాగి వంకరపోవడం పెరిగింది, టెక్సస్ చలి దానికి ఒక ఉదాహరణ. ఇతర శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. కంప్యూటర్ నమూనాల్లో ఆ ప్రభావం బలహీనంగానే కనబడుతోందని, కొన్ని దశాబ్దాల రికార్డులోంచి సహజమైన ఊగిసలాటను విడదీయడం కష్టమని వాళ్ల మాట. ఆర్కిటిక్ వేడికీ మన వాతావరణానికీ ఉన్న ఈ సంబంధం మీద తమ నమ్మకం తక్కువ స్థాయిదేనని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2021 నివేదికే రాసింది. అదే నివేదిక, ప్రపంచం మొత్తం మీద తీవ్రమైన చలి రోజులు తగ్గుతున్నాయని మాత్రం గట్టిగా చెప్పింది. ‘తేలిపోయింది’ అన్న మాట దగ్గర ఎర్ర సిరాతో సున్నా చుట్టాను. చమురు కంపెనీ మనిషికి నాలుగు, కొడుక్కి ఆరు ఇచ్చినందుకు పక్షపాతం అన్నారు. పునర్మూల్యాంకనం లేదు, పొంగలి తినండి అన్నాను.

ఇక టోపీలో లోపాలు. ఒక మార్కు ఎందుకు కోశానంటే, మూడో చలికాలానికి లోపలి తాడు సాగే గుణం కోల్పోయి పాత రబ్బరు బ్యాండులా ముక్కలైంది. లంగా నాడా కట్టాను, దివ్యంగా పనిచేస్తోంది. ఇక్కడి ఇళ్లకు బయట ఇటుక గోడ, ఇటుకల మధ్య గాళ్లు. ఆ గాడి మీద టోపీ అంచు సరిగా కూర్చోదు, వేలు పట్టేంత సందు మిగులుతుంది. పాత పంచె ముక్క కుక్కాల్సి వచ్చింది. నున్నటి గోడ అయితే ఈ బాధ ఉండకపోవచ్చు. ఉడతలు అంచు కొరికాయి, దానికి కంపెనీని ఏమీ అనలేం.

కొనేవాళ్లు అక్టోబరులోనే కొనండి. చలి వస్తుందని టీవీ చెప్పిన సాయంత్రం వెళితే దుకాణంలో అరలు ఖాళీగా ఉంటాయి. 2024లో పక్కింటివాళ్లకు ఇద్దామని వెళ్లి ఉత్తచేతులతో వచ్చాం.

ఇంకో ఉపయోగం కంపెనీవాళ్లు డబ్బా మీద రాయలేదు. ఇక్కడి చలికి పెరుగు తోడుకోదని మా కోడలు ఎప్పుడూ అనేది. నేను వాడని కొత్త టోపీ ఒకటి కడిగి ఆరబెట్టి, గోరువెచ్చని పాలలో తోడు వేసిన స్టీలు గ్లాసు మీద బోర్లించాను. పొద్దున్నకి గ్లాసు వంచినా జారనంత గట్టిగా తోడుకుంది. ఇప్పుడు ఆ టోపీ వంటింటి అలమరలోనే ఉంటుంది. కుళాయి కోసం తీసుకెళ్లాలంటే ముందు మా కోడల్ని అడగాలి.