మోడల్ గేటుకు సెర్వోనా, బీవో మోటారా?

మినీ ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, డిప్లొమా, బీటెక్ పిల్లలు అడిగేది ఇదే: రిమోట్ గేటుకు సెర్వో (చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలిచే మోటారు) పెట్టాలా, పసుపు రంగు బీవో మోటారు (ఆగకుండా తిరిగే చిన్న గేరు మోటారు) పెట్టాలా?

తేలిక చూస్తే సెర్వోదే పైచేయి. ఎస్‌జీ90 అనే చిన్న సెర్వో బరువు 9 గ్రాములు. మూడు వైర్లు, నాలుగైదు లైన్ల కోడ్, డ్రైవర్ బోర్డు అక్కర్లేదు. బీవో మోటారుకైతే ఎల్293డీ డ్రైవర్ చిప్ కావాలి, గేటు కొసకు చేరగానే నొక్కుకునే లిమిట్ స్విచ్‌లు రెండు కావాలి, పక్కకు జరిగే గేటైతే పళ్ళపట్టీ కూడా అమర్చాలి.

అయినా నా ఓటు బీవో మోటారుకే. గేటు నిజంగా మూసుకుందా అన్నది కోడ్ నడిపే ఆర్డుయినో బోర్డుకు తెలియాలి కదా! సెర్వో తానెక్కడుందో లోపలి పొటెన్షియోమీటర్‌తో (ఎంత తిరిగిందో కొలిచే భాగం) తెలుసుకుంటుంది గానీ, ఆ కబురు బయటికి చెప్పే వైరే లేదు. దారిలో బొమ్మ కారు అడ్డుపడినా కోడ్ మాత్రం మూసేశాననే అనుకుంటుంది. సెర్వో తోస్తూనే ఉంటుంది, వేడెక్కుతుంది. దానికి ఆర్డుయినో 5 వోల్టుల పిన్ నుంచే కరెంటు ఇచ్చి ఉంటే బోర్డు రీసెట్ కూడా కావచ్చు. అక్కడ ఇంకో తమాషా. కోడ్‌లో కోణం చెప్పకుండా అటాచ్ చేస్తే (పిన్‌కు జతచేస్తే) ఆర్డుయినో సెర్వో లైబ్రరీ సెర్వోను మధ్యకు, అంటే సుమారు 90 డిగ్రీలకు పంపుతుంది. 0 మూత, 90 తెరుపు అని పెట్టుకున్నవాళ్ళ గేటు కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బార్లా తెరుచుకుంటుంది! అటాచ్‌కు ముందే సున్నా రాస్తే ఇది తప్పుతుంది.

బీవో మోటారుకు ఈ బెడద లేదు. పవర్ రాగానే రెండు స్విచ్‌లు చూస్తే సరి. ఏదీ నొక్కి లేకపోతే గేటు మధ్యలో ఉన్నట్టే, మెల్లగా మూయమనండి. ఇన్ని సెకన్లలో చివరి స్విచ్ తగలకపోతే ఏదో అడ్డుపడినట్టు లెక్క, మోటారు ఆపి వెనక్కి తిప్పండి. స్విచ్‌ను ఎన్‌సీ కాంటాక్ట్ (నొక్కనప్పుడు కలిసి ఉండేది) మీదుగా గ్రౌండ్‌కు కలిపి, పిన్‌కు పులప్ (పిన్‌ను పై వోల్టేజీకి లాగే రెసిస్టర్) పెట్టండి. వైరు తెగినా స్విచ్ నొక్కినట్టే కనిపించి మోటారు ఆగిపోతుంది. వైవాలో దీని గురించి అడిగితే అదృష్టమే అనుకోండి.

రైల్వే గేటులా లేచే తేలికపాటి కర్ర ఒక్కటే అయితే సెర్వో చాలు, అంత హంగామా వద్దు. స్టెప్పర్ (అడుగులు లెక్కపెట్టి తిప్పే మోటారు) జోలికి పోకండి: 28బీవైజే-48 రకం నెమ్మది, పైగా కరెంటు పోతే అదీ లెక్క మరిచిపోతుంది, దానికీ స్విచ్ తప్పదు.

ఇక రిమోట్ అంటారా, బల్ల మీద ప్రదర్శనకు టీఎస్‌ఓపీ1738 ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్, ఇంట్లో పాత టీవీ రిమోట్ చాలు. ఎండ సూటిగా పడే చోటు మాత్రం వద్దు. గోడ అవతల నుంచి నొక్కాలంటే 433 మెగాహెర్ట్జ్ రేడియో మాడ్యూల్. హెచ్‌సీ-05 బ్లూటూత్ కొనేముందు టీమ్‌లో ఎవరి దగ్గరైనా ఆండ్రాయిడ్ ఫోన్ ఉందో లేదో చూసుకోండి, ఐఫోన్‌తో అది పనిచేయదు.