ఆఫ్ బటన్ లేని కాలిక్యులేటర్

దీనికి ఆఫ్ బటన్ లేదు. బ్యాటరీ పెట్టే చోటూ లేదు. ఎనభైల నాటి ఈ జేబు కాలిక్యులేటర్‌ని ఇరవై ఏళ్లుగా వాడుతున్నాను.

ముందు చెడు చెప్పేస్తా. దీని మెమరీని నమ్ముకోవద్దు. అంకెను మెమరీలో కలిపే ఎమ్ ప్లస్ మీట నొక్కుకుంటూ పొడవాటి లెక్క వేస్తుంటే, కాగితం తిప్పే చెయ్యి సోలార్ ప్యానెల్‌కి అడ్డం వస్తుంది. అంకెలు పలచబడి మాయమవుతాయి, మెమరీలో దాచిందీ పోతుంది. మళ్లీ మొదటినుంచీ!

విప్పి చూస్తే లోపల ఇంతేనా అనిపిస్తుంది. ఒక బోర్డు, దానిమీద నల్లటి ముద్ద కింద చిప్పు, చిన్న కెపాసిటర్, ఒక ఎర్ర ఎల్‌ఈడీ. మూసిన డబ్బాలో దీపం ఎవరికోసమని చాన్నాళ్లు అర్థం కాలేదు. అది వెలుగు కోసం కాదు. ఎండలో వోల్టేజి పెరిగితే, సుమారు 1.6 వోల్టులు దాటగానే ఆ ఎల్‌ఈడీ మిగులు కరెంటును తనగుండా పోనిచ్చి చిప్పును కాపాడుతుంది. ఇంత చవకైన కాపలాదారు ఆలోచన ఎవరిదోగాని, దండం పెట్టాలి.

ప్యానెల్‌లో పక్కపక్కనే నాలుగు పట్టీలు. ఒక్కోటి అరవోల్టుకు అటూఇటూ ఇస్తుంది, నాలుగూ వరసగా కలిపారు. స్ఫటిక రూపం లేని అమార్ఫస్ సిలికాన్‌తో చేసినవి కాబట్టి ట్యూబ్‌లైటు వెలుగు చాలు. పైగా ఎల్‌సీడీ తాను వెలగదు, పడ్డ వెలుగునే అడ్డుకుని అంకె చూపిస్తుంది. దాని ఖర్చు నామమాత్రం.

కాసియో 1983లో ఎస్‌ఎల్-800 అనే కాలిక్యులేటర్‌ని 0.8 మిల్లీమీటర్ల మందంలో చేసింది. గొప్పే. కానీ అంత పలచని దాంట్లో మీట దిగడానికి చోటెక్కడిది? నాకు వేలికి తెలియాలి. నా దాంట్లో రబ్బరు మీటల అడుగున కార్బన్ బిళ్లలున్నాయి. 5 మొరాయిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచా, దారికొచ్చింది.

అసలు భయపెట్టింది డిస్‌ప్లే. దాన్నీ బోర్డునీ కలిపేది టంకం కాదు, జీబ్రా స్ట్రిప్ అనే చారల రబ్బరు ముక్క. అది కాస్త జరిగి, చివరి అంకెలో కుడివైపు పై గీత రావడం మానేసింది. దాంతో 8 కాస్తా 6 అయింది, 9 కాస్తా 5. రెండూ చక్కటి అంకెలే కదా, అనుమానం ఎలా వస్తుంది? మొత్తం తేలక ఒక పూట కొట్టుకున్నాను. స్ట్రిప్ తుడిచి సరిగా కూర్చోబెట్టాక మళ్లీ ఆ తంటా లేదు. అయినా ఇప్పటికీ లెక్క మొదలుపెట్టే ముందు ఎనిమిది ఎనిమిదులు కొట్టి చూసుకుంటాను.